వంకర కట్టు

తిరుపతిలో ఒక విశ్వవిద్యాలయం, గణితశాఖ వరండా. ప్రొఫెసర్ ఉద్యోగం ఇంటర్వ్యూకి వచ్చిన కూతురు, ఎముకలకు కట్టు కట్టే తండ్రి చెయ్యీ చెయ్యీ పట్టుకుని బెంచీ మీద కూర్చున్నారు.

"ఆ కాగితాన్నే చూస్తా ఉండావే, ఏమైందమ్మా?"

"నా లెక్క తప్పు నాయనా. టీవీ తెరల్లో ఉండే లిక్విడ్ క్రిస్టల్ మీద ఆరేండ్లు చేసిన లెక్క. ప్లస్ రావాల్సినచోట మైనస్ వేసినాను. పొద్దున బస్సులో చూసుకుంటా ఉంటే కనబడింది."

"లోపలుండే వాళ్లకు తెలుసునా?"

"తెలీదు. అది అచ్చయినాకనే నన్ను పిలిచినారు."

"అట్లయితే నోరెత్తొద్దు."

"వంకరగా అతుక్కున్న ఎముకను మళ్లీ విరిచి కట్టాలని నువ్వే అంటావు గదా?"

"అంటాను. మన వీధి ఎల్లప్ప కాలు వంకరగా కట్టింది నేనేనమ్మా. మళ్లీ విరవాలంటే నా దగ్గరికి ఇంకెవరూ రారని భయపడి, చెప్పకుండా ఉండిపోయినాను."

"ఎన్నేండ్లయింది?"

"పద్దెనిమిది. ఆయప్ప కుంటుకుంటా ఎదురొస్తే ఇప్పుడు గూడా పక్క సందులోకి తిరుక్కుంటాను."

లోపలి నుంచి ఆమె పేరు పిలిచారు.

"పోమ్మా. చెప్పేసిరా."

"చెయ్యి వదులు నాయనా, పోతాను."

"నేనెప్పుడో వదిలేసినానమ్మా. నువ్వే పట్టుకోనుండావు."