శౌరమ్మ సంతకం

గన్నవరం దాటాక, కాలవగట్టు కింద పేట. బడి వరండాలో హెడ్మాస్టరు పాండురంగయ్య, తల్లిదండ్రుల కమిటీ చైర్మన్ శౌరమ్మ.

“‘శౌరమ్మగారూ’ ఏంటి మాస్టారూ, కొత్తగా? మొన్నటిదాకా ఒట్టి శౌరమ్మేగా!”

“చైర్మన్ కదండీ. ఇప్పుడు అధికారమంతా కమిటీలదే. పైవాళ్ళు వేలు పెట్టరు.”

“పెట్టకపోతే మూడు, నాలుగు, అయిదు తరగతులు తీసుకెళ్ళి హైవే అవతల హైస్కూల్లో కలపమన్నదెవరు?”

“ఎవరూ అన్లేదు. ఇంకో టీచర్ కావాలంటే మీరే జీతమిచ్చి పెట్టుకోండి, లేదా కలిపేసుకోండి, మీ ఇష్టం అన్నారు.”

“మా ఇష్టం! పెద్దూళ్ళో ఏం చేశారో?”

“అక్కడ చైర్మన్‌కి రైసుమిల్లుందమ్మా. ఇద్దరు టీచర్లని పెట్టించాడు.”

“మాకేముంది? నాట్లేసే చేతులు. రెండు కమిటీలకీ ఒకటే అధికారం ఇచ్చామంటారు. వండుకోండని పొయ్యి ఇచ్చి, బియ్యం మీవే అన్నట్టు!”

“మీటింగుల్లో మాట్లాడినట్టు మాట్లాడితే...”

“మాట్లాడతా. మా పిల్ల బ్లెస్సీకి ఎనిమిదేళ్ళు. అది రోడ్డు దాటుతుందని లారీలు ఆగుతాయా? మీ మనవరాల్నయితే పంపుతారా?”

“నాకు మాత్రం బాధ లేదా...”

“పంపుతారా, పంపరా?”

“నా మనవరాలి మాట ఎందుకమ్మా ఇప్పుడు?”

“కలపడానికి సంతకం పెట్టను. పెట్టనంటే పెట్టను. పోయి చెప్పండి.”

“సంతకం కోసం రాలేదమ్మా.”

“మరి? ఆ తీర్మానాల పుస్తకం చంకలో ఎందుకు?”

“నాట్లప్పుడు మీటింగులకి రాలేనన్నారు కదా. పుస్తకం బ్లెస్సీతో పంపిస్తే, ఖాళీ పేజీలు నాలుగింటి కింద సంతకాలు పెట్టి పంపారు. ఎప్పుడూ అంతేగా మనం.”

“అది గుడ్ల లెక్కకీ, గోడలకి సున్నాలు వేయించడానికీ!”

“ఒక పేజీ మిగిలింది. ఆఫీసు నుంచి పొద్దున నాలుగుసార్లు ఫోను. ఆ పేజీలో... కలపడానికి ఒప్పుకున్నట్టు నేనే రాశాను. ఫొటో తీసి పంపేశాను.”

“పంపేశారా?”

“పంపేశాను. చెప్పకుండా ఇంటికెళ్ళబుద్ధి కాలేదు.”

“ఇటివ్వండి.”

“శౌరమ్మా, కోప్పడకు...”

“ఇవ్వండి చూస్తా. ఇదేనా?”

“నీ సంతకమేగా.”

“ఆ రోజు నేను చేలో ఉన్నా మాస్టారూ, మోచేతులదాకా బురద. పిల్ల గట్టు మీద నిలబడి పిలిస్తే, నువ్వే పెట్టెయ్యవే అన్నా. ఇది మీ మూడో తరగతి బ్లెస్సీ రాసింది. చెయ్యి పట్టుకుని దిద్దించిన మీరే పోల్చుకోలేదా?”