రెండు గీతలు

డాక్టరమ్మ గదిలోంచి వచ్చిన దాలమ్మ, బల్ల మీదున్న పెళ్లికాని కూతురి పక్కన కూలబడిపోయింది.

“ఏటన్నాదమ్మా?”

“నీది కడుపు కాదంట. అండాశయంలో గడ్డంట. నీ ఈడు పిల్లల్లో నూటికో కోటికో ఒకరికొస్తాదంట. కేన్సరు కావొచ్చంట.”

“నన్నెవుడూ ముట్టనేదని మొత్తుకున్నాను గదమ్మా.”

“మందుల కొట్లో కొన్న కడుపు పరీచ్చ కిట్టు మీద రెండు గీతలు సూసి కడుపే అనుకున్నానే. ఆ గడ్డ కూడా గీతలు తెప్పిస్తాదంట. మరి ఎదురింటి కుర్రోడి పేరెందుకు సెప్పినావు? మీ అయ్య ఆడి కాలిరగ్గొట్టీసినాడు గదే!”

“పేరు సెప్పేదాకా కొడతానే ఉంటానన్నావు. అప్పుడు గుమ్మంలోంచి ఆడే కనిపించినాడు.”

దాలమ్మ కూతురి వీపు నిమురుదామని చెయ్యెత్తింది.

పిల్ల రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకుంది.