ఇద్దరు పున్నయ్యలు

కిటికీ కాస్త తీయించండి జగన్నాథం గారూ. ఎంక్వైరీకి వచ్చారు, కాదనను. కానీ పొద్దుటినుంచీ అడిగిందే అడుగుతున్నారు. ఈ బందరు ఉక్కలో ఊపిరాడొద్దూ!

అవునండీ, ఆ స్టేట్‌మెంట్ నాదే. ‘కంప్యూటర్ పొరబడదు’ అని రాసిందీ నేనే. ప్రిన్సిపాల్ గారు పక్కన నిలబడి రాయించారు. అయితే మాత్రం? ఇరవై ఏళ్లుగా పాఠాలు చెప్తున్నదాన్ని, నేనేం చంటిపిల్లనా?

పరీక్షకి ముందే బయటికి పొక్కిన ప్రశ్నపత్రాన్ని కంప్యూటర్లో తెరిచింది కొక్కిలిగడ్డ పున్నయ్య అని రికార్డులో పడింది. పరీక్షల విభాగం గుమాస్తా పున్నయ్యని సస్పెండ్ చేశారు. కోడూరులో వలలు వేసే ఇంట్లోంచి వచ్చి ఆఫీసు కుర్చీలో కూర్చున్న మొదటివాడండీ! రేపు మీ రిపోర్టు వెళ్తే ఆ కుర్చీ పోతుంది.

అదే పేరుతో మా కాలేజీలో ఇంకొకడున్నాడు. నవ్వకండి సార్. గుమాస్తాకి పెదనాన్న కొడుకు, ఈ ఏడే బీఎస్సీలో చేరాడు. తాత పేరు పున్నయ్య. ఆయన కొడుకులిద్దరూ మగపిల్లాడు పుట్టగానే ఆ పేరే పెట్టుకున్నారు. ఇంటిపేరూ ఒకటే కదా!

ఐడీలు వేరు కదా అంటారా? వేరేనండీ. పాస్‌వర్డులూ వేరే. ప్రశ్నపత్రాలకి కాపలా కాసే ప్రోగ్రాం రాసింది నేనే. వచ్చినవాడు అనుమతి ఉన్నవాడేనా అని పోల్చి చెప్పడానికి అందులో వాడిన సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌లోనే ఒక ఫంక్షన్ ఉంది. పైకి పేరు ఎలా కనిపించినా, దాని వెనకున్న మనిషెవరో చూసి చెప్తుంది. నేను దాన్ని వాడలేదు. తెరమీది పేర్లు రెండూ ఒకేలా ఉంటే మనిషీ ఒకడే అనుకోమని, నా సొంతంగా ఒక్క లైను రాసి పడేశాను. దాంతో ఆ కుర్రాడు తన పాస్‌వర్డుతో వచ్చినా గుమాస్తా అనుకుని తెరిచేది.

నా పేరుతో ఒకసారి, ప్రిన్సిపాల్ గారి పేరుతో ఒకసారి పరీక్షించి చేతులు దులుపుకున్నాను. మా ఇంట్లోనే ఇద్దరం సీతారత్నాలం. నాయనమ్మ పేరు నాకూ పెట్టారు, మా చిన్నాన్న కూతురికీ పెట్టారు. నాకు తట్టకపోవడమేమిటండీ!

మెషిన్ తెప్పించి చూస్తారా? చూడండి. ఇప్పుడది ఇద్దర్నీ చక్కగా వేరుచేసి చూపిస్తుంది. ఆ విద్యార్థి తన పాస్‌వర్డు ఎన్నిసార్లు కొట్టినా ప్రశ్నపత్రం తెరుచుకోదు. గుమాస్తాదే తప్పని ఇంకా గట్టిగా తేలుతుంది.

గొడవ బయటపడ్డ మర్నాడే ఆ లైను దిద్దేశాను సార్. పాతది ఉంచలేదు. నా మాట తప్ప ఇంకే ఆధారమూ లేదు.

ముందే ఎందుకు చెప్పలేదంటారా? డిపార్ట్‌మెంట్ హెడ్ పోస్టుకి నా పేరు పైకి వెళ్లింది. అదీ సంగతి. భయం కూడా కాదు, ఆశ. ఇది కూడా రాసుకోండి.

అదేమిటండీ, పెన్ను మూసేశారు? ఇదేమీ రాసుకోరా?