పీసా లెక్కలాయన, మా లక్ష్మీకాంతం గారు

సభకు పెద్దగా కూర్చున్న మన గుడి కమిటీ ప్రెసిడెంట్ శ్యామ్‌సుందర్ గారికి, పెద్దలకు, మన క్యారీ ఊరి తెలుగువాళ్ళకే కాక దూరం నుంచి డ్రైవ్ చేసుకొచ్చిన అందరికీ నమస్కారం. స్వామి దయవల్ల మైక్ ముందు నిలబడ్డాను. వినపడకపోతే వెనకవాళ్ళు చెయ్యెత్తండి... అప్పుడే ఎత్తేశారా! (నవ్వులు)

పదకొండేళ్ళుగా ప్రతి ఆదివారం ఈ డైనింగ్ హాల్లో లక్ష్మీకాంతం గారు పిల్లలకు లెక్కలు చెబుతుంటే, పక్క వంటగదిలో ప్రసాదం చేస్తూ నేను వింటున్నాను. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి పీసా నగరపు లెక్కలాయన, ఫిబొనాచీ అంటారే, ఆయన కథంటే ఆమెకు ప్రాణం. తండ్రి ఉద్యోగం ఆఫ్రికాలో ఒక రేవులో అయితే, ఆయన చిన్నప్పుడే అక్కడికి వెళ్ళి మన అంకెలు నేర్చుకుని, రోమన్ అంకెలతో కుస్తీ పడుతున్న తన ఊరివాళ్ళకు పుస్తకం రాసిచ్చాడట.

రెండేళ్ళ కిందట పిల్లల ఎగ్జిబిషన్‌కి నేనో ఘనకార్యం చేశాను. "మన అంకెలు ఎత్తుకుపోయిన ఇటలీవాడు" అని ఆ క్లాసులో చదివే ఇషిత చేత పెద్ద చార్ట్ రాయించి, పసుపు కుంకుమ పెట్టి మరీ గుమ్మం పక్కన అతికించాను. లక్ష్మీకాంతం గారు నన్ను పక్కకు పిలిచి, "రేణూ, ఇవి భారతీయుల అంకెలని ఆయనే రాశాడమ్మా. పేరు చెప్పి తీసుకున్నవాణ్ణి దొంగంటామా?" అన్నారు. ఇషిత వెంటనే, "అవును ఆంటీ, ఆయన క్రెడిట్ ఇచ్చాడు. మానవ్ నా హోంవర్క్ కాపీ చేసి థాంక్స్ కూడా చెప్పడు" అంది. (నవ్వులు) చార్ట్ నా చేత్తోనే తీశాను. ముఖం చిన్నబోయింది గానీ, మన అంకెల గురించి ఎలా గర్వపడాలో ఆ రోజే నాకు సరిగ్గా తెలిసింది.

ఇప్పుడు ఆమె కాలిఫోర్నియాలోని డబ్లిన్ అనే ఊళ్ళో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నారు. చెప్పేవాళ్ళు దొరక్కపోతే చిన్నపిల్లల క్లాసు ఇవాళ్టితో ఆఖరని కమిటీ ఈమెయిల్ పెట్టింది. ఇంతమంది ఇంజనీర్లున్నారు, అందరికీ ఆదివారాలు బిజీ. తప్పు పట్టడం లేదండీ.

పోయిన వారం ఆమె వంటగదిలోకి వచ్చి, "నువ్వు చెప్పు" అన్నారు.

"నాది ఇంటర్ చదువండీ. ఈ పిల్లల నాన్నలు పీహెచ్‌డీలు" అన్నాను.

"నాన్నలకు కాదుగా చెప్పేది" అన్నారు. (నవ్వులు)

ఇంటికెళ్ళి దేవుడి దగ్గర కూర్చుని ఏడ్చాను. నాకు లెక్కలు వచ్చని ఒకరు నమ్మడం యాభై ఏళ్ళలో అదే మొదటిసారి.

ప్రెసిడెంట్ గారూ, క్లాసు ఆపకండి. వచ్చే ఆదివారం పదింటికి నేను చెబుతాను. అమ్మా, మీరు ఇక్కడ, అందరి ముందు సరేనంటేనే.

(లక్ష్మీకాంతం గారు లేచి నిలబడ్డారు. చప్పట్లు.)

అయ్యో, మీకు మోకాళ్ళ నొప్పులు కదమ్మా, కూర్చోండి! సరే, అందరూ చూశారు. ఇక నేను మాట వెనక్కి తీసుకోలేను. ఓపిగ్గా విన్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. అమ్మ పాదాలకు నమస్కరించి, సెలవు.