సగం ఊడ్చిన ఇసుక

అంతర్వేదికి ఇవతల, సముద్రపు ఇసుక దిబ్బల మధ్య ఆగి ఉన్న పాత వ్యాను. 1983, ఫిబ్రవరి, పొద్దుటి పూట. పద్నాలుగేళ్ల సుగుణ తీరం నుంచి పరుగెత్తుకొచ్చి, వ్యాను మెట్టు మీద కూర్చున్న తండ్రి దానం ముందు ఆగింది.

“...ట్రాక్టరు తోలినట్టుంది నాన్నా తాబేలు జాడ! నీళ్లలోంచి తిన్నగా పైకొచ్చి, గుడ్లు పెట్టి, ఇసుక కప్పేసి, మళ్లీ నీళ్లలోకి పోయింది. అచ్చం నువ్వు చెప్పినట్టే.”

“భేష్! ఎప్పుడొచ్చి వెళ్లుంటుంది?”

“జాడ మీద పీతల అడుగులున్నాయి. అంటే రాత్రే.”

“మా తల్లే! ఏ బళ్లో చెబుతారే ఈ చదువు? మరి బొమ్మ గీసుకొచ్చేవా?”

“గీస్తాను గానీ, ఆకలేస్తోంది. అమ్మేది?”

“రాజోలు వెళ్లింది. సామాన్లకి.”

“అబ్బులు?”

“వాడూ వెళ్లేడు. జోళ్లు కొనమని ఒకటే గోల.”

“నన్ను వదిలేసా?”

“నువ్వు పాఠంలో ఉన్నావు కదమ్మా. గిన్నెలో చద్దన్నం ఉంది. తిన్నాక ఆ కరణంగారి రేడియో విప్పుదాం, సాయంత్రానికి ఇచ్చెయ్యాలి.”

“బస్సు దారి ఇటు కదా నాన్నా?”

“ఆఁ, అటే.”

“మరి అమ్మ అడుగులు సరుగుడు తోట వైపు వెళ్లేయేంటి?”

“ఇక్కడేం అడుగులున్నాయి? అన్నీ గాలికి చెరిగిపోయేయి.”

“గాలి ఊడిస్తే ఇసుక మీద అలలొస్తాయన్నావు. రాజస్థాన్ దాకా వెళ్లడానికి మన బండికి ఓపిక లేదు, ఇదే మన థార్ ఎడారి అనుకో అని, మొన్ననే పాఠం చెప్పేవు. ఇవి అలలు కావు. కొమ్మ పెట్టి ఊడ్చిన గీతలు.”

“తుక్కుంటే ఊడ్చేను.”

“నువ్వా?”

“ఏం, నేను ఊడవకూడదా?”

“ఈ బండెక్కినప్పణ్ణుంచీ నువ్వు చీపురు ముట్టుకోగా నేను చూళ్లేదు.”

“అన్నం తినమన్నానా!”

“సగమే ఊడ్చేవు నాన్నా. బండి చుట్టూ ఊడ్చేవు. అక్కణ్ణుంచి దిబ్బ దాకా అన్నీ ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. నీకు కనపడలేదు కదూ?”

“నా కళ్ల మాట ఎత్తొద్దని చెప్పేను.”

“సరే, ఎత్తను. నేను చదువుతాను, నువ్వు విను. ఇవి అమ్మ చెప్పులు. ఇవి అబ్బులువి, ఒంటికాలి మీద గెంతేడు వెధవ. ఇవేమో బూట్లు. పక్కనే కర్ర పొడిచిన గుంటలు.”

“ఎవరో చేపలవాళ్లు, గెడ పట్టుకుని...”

“చేపలవాళ్లు బూట్లేసుకుంటారా? బూట్లూ, చేతికర్రా... తాతగారు వచ్చేరు.”

“సుగుణా, చూడు...”

“కొత్తపేట తాతగారు వచ్చేరు! అమ్మనీ తమ్ముణ్నీ తీసుకుపోయేరు! ఇందాక జీపు చప్పుడు విన్నాను, ఫారెస్టు వాళ్లదనుకున్నాను. మనం ఇక్కడున్నామని ఆయనకెలా తెలిసింది?”

“ఏమో. మీ అమ్మే కబురెట్టుకుందేమో.”

“అమ్మా?”

“ఇశ్రాయేలు మాస్టారి కూతురు కదా మరి. ఆయన ఊరందరి పిల్లలకీ చదువు చెప్పిన హెడ్మాస్టరు. ఆయన మనవలు బడి మొహం చూడకుండా, కుటుంబ నియంత్రణ వాళ్లు వేలం వేసిన బండిలో తిరుగుతుంటే నామోషీ కాదూ? పైన ఎన్ని రంగులేసినా ఆ ఎర్ర త్రికోణం కనపడుతూనే ఉందిట. కూతురి మనసు విరిచేసేరు.”

“నాకు చెప్పకుండా పోయిందా అమ్మ?”

“ఏం చెయ్యమంటావు తల్లీ? నాకు మాత్రం బాధ లేదూ?”

“బండి తియ్యి. దారిలో అందుకుందాం.”

“బ్యాటరీ పడిపోయింది.”

“రాత్రి లైటు వెలిగింది కదా?”

“పొద్దున్న పడిపోయింది.”

“అయితే నడిచే పోతాను.”

“ఆగు! అటెళ్లకు. ఎండెక్కుతోంది, అటెందుకే...”

“ఇదేంటి?”

“ఏది?”

“తాతగారు వచ్చేటప్పటి అడుగులు. తోటలోంచి తిన్నగా మన బండి దగ్గరికే వచ్చేయి. వెతుక్కుంటూ వచ్చినవాళ్లు అటూ ఇటూ తిరుగుతారు. ఆయన పక్కన ఇంకొకళ్లున్నారు. రెండడుగులు ముందుండి దారి చూపించేరు. టైరు ముక్క కోసి కుట్టిన చెప్పులు. కాలెత్తు నాన్నా.”

“తండ్రితో మాట్లాడే తీరేనా ఇది?”

“కాలెత్తు.”

“పిచ్చి వేషాలెయ్యకు సుగుణా.”

“నువ్వే తీసుకొచ్చేవు. నన్ను తాబేలు జాడ చూసి రమ్మని పంపించి, నువ్వు తోట దాకా ఎదురెళ్లి తీసుకొచ్చేవు.”

“...అవును.”

“ఇప్పుడే, నా మొహం మీదే, అమ్మ మీద పెట్టేసేవు!”

“కూర్చో. చెప్పనీ. అబ్బులు మగపిల్లాడు. రేపు సర్టిఫికెట్టు లేకపోతే వాణ్ణి ప్యూను పనిలో కూడా పెట్టుకోరు. తాతగారు బళ్లో వేస్తానన్నారు. పసివాడు, కొన్నాళ్లు తల్లి పక్కనుండాలి కదా. అందుకే ఇద్దరూ...”

“బడంటే జైలన్నావు.”

“అన్నాను.”

“ఆత్రేయపురంలో నేను బడి గోడ పట్టుకుని నిలబడితే చెయ్యి పట్టి లాక్కొచ్చేవు. లోపలున్న వాళ్లని చూసి జాలిపడమన్నావు. నేను నిజంగానే జాలిపడ్డాను నాన్నా! మరి వాణ్ణెందుకు జైల్లో వేసేవు?”

“వాడి సంగతి వేరు.”

“ఏం వేరు?”

“వాడికి కళ్లున్నాయి గానీ చూపు లేదు. నేను చెప్పిందంతా నీకే వచ్చింది.”

“వస్తే బడి అక్కర్లేదా?”

“నేనలా అన్నానా?”

“రేడియోలో ఎర్ర తీగేదో, నారింజ తీగేదో చెప్పడానికి నేనుండాలి. అంతేనా? చెప్పు నాన్నా. పూర్తిగా పోయేయా కళ్లు?”

“పోలేదు. మసక. దగ్గరివి మరీ మసక. నువ్వు లేకపోతే నేనొక్క స్క్రూ బిగించలేను తల్లీ. రేపణ్ణుంచి చెయ్యి చాపాలి.”

“అడిగితే ఉండేదాన్ని.”

“ఉండేదానివా?”

“అడిగితే. ఇప్పుడు కాదు.”

“అలా అనకే...”

“తాతగారు నా సంగతి అడగలేదా? నాకు చదువొద్దన్నారా?”

“పాతకాలం మనిషి. ఆడపిల్లకెందుకులే అనుకున్నారేమో.”

“అమ్మ కూడా అదే అనుకుందా?”

“అమ్మనేం అడుగుతావు ఇప్పుడు?”

“దిబ్బ మీదికి వచ్చింది అమ్మ. ఇదిగో, పైదాకా ఎక్కింది. ఇక్కడ ఇసుక కుంగిపోయి ఉంది. చాలాసేపు నిలబడింది. ఇక్కణ్ణుంచి చూస్తే ఒడ్డున ఉన్న నేను కనపడతాను. కేకేస్తే వినపడుతుంది. ఒక్క కేక వెయ్యలేదు. ఎందుకు?”

“నాకేం తెలుసు.”

“ఇక్కణ్ణుంచి వెనక్కి తిరిగిపోయింది. నేను అమ్మకి కూడా అక్కర్లేదు.”

“ఊరుకో తల్లీ, ఊరుకో. నేను లేనూ? ఈ ఊరొద్దు మనకి. సాయంత్రం బండి తీసి, సఖినేటిపల్లి రేవులో పంటు పడవ ఎక్కించి, నరసాపురం దాటిపోదాం. కొత్త ఊళ్లు చూపిస్తాను.”

“బ్యాటరీ పడిపోయిందన్నావు.”

“అయ్యగారండీ! నీళ్లు తెచ్చేనండి!”

“బుజ్జమ్మా, బిందె అక్కడే పెట్టి వెళ్లమ్మా.”

“ఆయ్, పెడతానండి. పాప ఏడుస్తోందేంటండీ?”

“ఏం లేదు. నువ్వెళ్లు.”

“బుజ్జమ్మత్తా, నీకు జీపు కనపడిందా?”

“కనపడకేం? తోట మలుపులో చక్రం కూరుకుపోతే మా వాళ్లే తోసేరు. ఆ చేతికర్ర పెద్దాయన దిగి...”

“బుజ్జమ్మా, వెళ్లమన్నానా!”

“వెళ్తానండి. ఒక్క మాట అనేసి వెళ్తాను. పొద్దుటి నుంచీ కడుపు రగిలిపోతోంది నాకు.”

“అను అత్తా. ఏమన్నారు తాతగారు?”

“‘ఏడవకు మార్తా, పిల్లలిద్దరికీ బళ్లో సీట్లు మాట్లాడేను, నాలుగు రోజులాగి మళ్లీ వద్దాం, అప్పటికి పిల్ల మనసు మారుతుంది’ అని మీ అమ్మతో అన్నారమ్మా.”

“ఇద్దరికీనా? నా మనసు మారడమేంటి?”

“సుగుణా, లోపలికి పద. బుజ్జమ్మా, నీకు దణ్ణం పెడతాను...”

“నాకెందుకండీ దణ్ణాలు! పిల్లకి బుద్ధి చెప్పండి. ఆవిడ ఏడుపు చూడలేకపోయేను తల్లీ. ఎంత కోపముంటే మాత్రం, ‘అమ్మ వెళ్లేదాకా నేను రాను, ఆ మొహం నాకు చూపించొద్దు’ అని నాన్నగారితో చెప్పించి, సముద్రం ఒడ్డుకి పోయి కూర్చుంటావా?”