వేళ్ళ సందున నీలం

"నీ మొగుణ్ణి నేనే కన్నానా అని ఒక్కోసారి అనుమానం వస్తుందమ్మా. నువ్వు మరిచిపోయిన కళ్ళజోడు ఇచ్చి రారా అంటే, నన్ను బస్సెక్కించాడు."

ల్యాబులో స్టూలు మీద కూలబడి అత్తగారు కొంగుతో మొహం తుడుచుకున్నారు. మైక్రోస్కోపు ముందున్న కోడలు నవ్వింది.

"మంచిదే అయింది అత్తయ్యా, ఇందులో చూడండి. ఎలుక కడుపులో పదమూడు రోజులు పెరిగిన పిండం."

"చిక్కుడు గింజంత ఉంది. దీనికి అప్పుడే వేళ్ళు కూడానా?"

"ఒక కణం మాట ఇంకో కణానికి చేరవేసే ఎంజైము ఒకటుంది. అది తయారయ్యే చోటల్లా నీలం రంగు తేలుతుంది."

"గుండె దగ్గరుంది. వేళ్ళ సందుల్లోనూ ఉంది."

"అక్కడే గొడవ. గుండెలో మాత్రమే ఉందని రాయమంటారు మా సారు. వేళ్ళ దగ్గరిది సరిగ్గా కడగక మిగిలిన మరకట. సాయంత్రంలోగా ఆ భాగం కొట్టెయ్యకపోతే థీసిస్ మీద సంతకం పెట్టనన్నారు."

అత్తగారు మళ్ళీ కన్ను ఆనించి చాలాసేపు చూశారు.

"రెండో చేతికీ అవే సందుల్లో ఉందే?"

"ఎన్నిసార్లు కడిగినా పోలేదు. పన్నెండు పిండాల్లోనూ అంతే."

"నలభై ఏళ్ళు బట్టలుతికాను. ఏ మరకైనా రెండు చేతులకీ కొలిచి పెట్టినట్టు పడుతుందా? ఇంత సన్నటి పని ఎప్పుడు నేర్చుకున్నావే?"

"అయితే కొట్టెయ్యొద్దా?"

"మీ సారుని రమ్మను, ఈ స్టూలు ఖాళీ చేస్తాను. పెద్దాయనతో వాదించకు, చెప్పినట్టు రాసెయ్యి అని నెల్లాళ్ళుగా నీ చెవిలో పోరు పెట్టాను. తప్పు నాదేనమ్మా."