అభ్యంతరం లేదు

భుజం నొప్పా? ఆ కాగితం మీద భుజం నొప్పి అనే రాసిందా మేడం? ఏ భుజమో కూడా రాయమనండి. రేపు మర్చిపోయి రెండో భుజం పట్టుకుని మూలిగితే బాగుండదు.

కూర్చోను. కూర్చుంటే ఏడుపొస్తుంది, నిలబడే చెప్తాను. మధ్యాహ్నం సింగిల్స్ క్వార్టర్ ఫైనల్ గెలిచింది కదా, ఈ వారం నా డబుల్స్ జోడీ, మా మహారాణి? గెలిచి గంట కాకుండానే నాలుగో నంబరు ప్రాక్టీసు కోర్టులో బుట్టెడు బంతులు సర్వ్ చేసింది. నా కళ్ళతో చూశాను. ఒక్కో దెబ్బకి వెనక కంచె గడగడలాడిపోయింది. నొప్పంటూ ఉంటే ఆ కంచెకి ఉండాలి!

ఛీ, అసహ్యమేస్తోంది. అబద్ధం చెప్పినందుకు కాదు. కాస్త కష్టపడైనా చెప్పనందుకు. డ్రెస్సింగు రూములో ఫోను చూసుకుంటూ, తల కూడా ఎత్తకుండా, "సారీ అక్కా, డబుల్స్ ఆడను. రేపు సింగిల్స్ సెమీస్ ఉంది కదా, కోచ్ వద్దంటున్నాడు" అంది. పక్కన ఫిజియో ఐసు సంచీ పట్టుకుని నిలబడింది. పాపం ఎక్కడ పెట్టాలో ఆవిడకీ తెలీదు. ఒకసారి భుజం మీద పెడుతుంది, ఒకసారి మోచేతి మీద. అంత కోపంలోనూ నాకు నవ్వొచ్చింది తెలుసా?

అక్కా అంటుందండీ పైగా! ఆటకి అక్కర్లేని అక్క.

మీరు ఈ టోర్నమెంటుకి పెద్ద రిఫరీ, మీకు నేను చెప్పేదేముంది గానీ, పదహారేళ్ళుగా డబుల్స్ ఆడుతున్నాను. అన్నీ పార్కింగు పక్క కోర్టులే. కార్లు రివర్సు తీస్తుంటే ఆ కూతలు వింటూ సర్వ్ చేసినదాన్ని. సింగిల్స్ అయిపోగానే జనం లేచి కాఫీలకి పోతారు, మేము ఖాళీ కుర్చీల ముందు ఆడుకుంటాం. తువ్వాలు అడిగితే "డబుల్సా?" అని ఎగాదిగా చూసి పాతది తీసిస్తారు మీ వాళ్ళు. సింగిల్స్ చేతకాని ఆడవాళ్ళ కాలక్షేపం మీ దృష్టిలో మేము. కాదనకండి, ముప్పయ్యారేళ్ళొచ్చాయి, ఆమాత్రం తెలీదా నాకు?

అలాంటిది ఇవాళ ఐదింటికి, సెమీఫైనల్‌కి, మొదటిసారి పెద్ద కోర్టు వేశారు నాకు. ఇంకోసారి వేస్తారా మేడం? ఎవరు వేస్తారు?

ఏమంటున్నారు? అభ్యంతరం ఉంటే ఈ గడిలో రాయాలా? రాస్తే మీ డాక్టరు వెళ్ళి మళ్ళీ పరీక్ష చేస్తాడు. భుజం బాగానే ఉందని తేలితే మహారాణి ఐదింటికి కోర్టులోకి దిగాల్సిందే. అంతేనా?

రాస్తాను. ఎందుకు రాయను? ఇటివ్వండి.

ఉండండి, ఒక్క నిమిషం. మంచినీళ్ళు వద్దు.

అలా చూడకండి మేడం. మీకు మా ఎడంచెయ్యి గుర్తొచ్చింది కదూ, ఎడంచేత్తో ఆడే ఆ పిల్ల? జోడీల పేర్లు రాయించుకున్న రోజు ఈ టేబులు దగ్గర కూర్చున్నది మీరేగా. అవును, తొమ్మిదేళ్ళు నా జోడీ ఎడంచెయ్యే. మోకాలి ఆపరేషనై ఆర్నెల్లు ఇంట్లో కూర్చుంది, ర్యాంకు పాతాళానికి పోయింది. ఇద్దరి ర్యాంకులూ కలిపితే ఇక్కడ చోటు దక్కేలా లేదు. పదకొండింటికి జాబితా మూసేస్తారు. పది నలభైకి ఈ మహారాణి వచ్చి "నాకు జోడీ లేదక్కా, ఆడతావా?" అంది. "సింగిల్స్‌లో ముందుకెళ్తే డబుల్స్ మధ్యలో వదిలేస్తా, ముందే చెప్తున్నా" అని కూడా అంది. "నీ ఇష్టం తల్లీ" అన్నాను.

అన్నానండీ. నా నోటితో నేనే అన్నాను.

ఎడంచెయ్యి అప్పటికి హోటల్ నుంచి బస్సులో వస్తోంది. ఒళ్ళో నా బూట్ల సంచీ. నేను మర్చిపోతే తెస్తోంది. ఫోను చెయ్యడానికి నోరు రాలేదు నాకు. "ఈ వారం వేరే అమ్మాయితో ఆడుతున్నా, ఏమనుకోకు" అని మెసేజ్ పడేశాను. "సరే అక్కా" అని పంపింది. నా బూట్లు గేటు దగ్గర వాచ్‌మన్‌కి ఇచ్చి లోపలికొచ్చింది. జోడీ లేని ఇంకో పిల్లని పట్టుకుని, ఆఖరి రెండు నిమిషాల్లో పేరు రాయించింది. ఎవరో తప్పుకుంటే ఆ ఖాళీలో చోటొచ్చింది. గెలుస్తూ గెలుస్తూ ఇక్కడిదాకా వచ్చింది. ఇవాళ నెట్‌కి అవతల నిలబడేది అదే.

నా సైగలన్నీ దానికి తెలుసు. అబ్బే, అందుకు కాదు, సైగలు మార్చుకోవచ్చు. భయమేస్తే నేను సర్వ్ ముందు అరచేయి స్కర్టుకి రెండుసార్లు తుడుచుకుంటాను. ఆ తర్వాత బంతి నెట్‌లోకే. ఈ మధ్య వీడియో చూసేదాకా నాకే తెలీదు ఆ సంగతి. దానికి మొదటినుంచీ తెలుసు. రెండోసారి తుడిచేలోపే నెట్ దగ్గర్నుంచి వచ్చి, ఏదో పనికిమాలిన జోకు చెప్పి పోయేది. తొమ్మిదేళ్ళు మేడం! ఒక్కసారి కూడా "భయపడుతున్నావు" అనలేదు.

ఇవాళ నేను చెయ్యి తుడుచుకుంటే అవతలనుంచి చూస్తుంది. చూసి ఊరుకుంటుంది. రావడానికి లేదుగా.

మహారాణి ఆడనన్నప్పుడు పైకి కస్సుమన్నాను. ఐసు సంచీ లాక్కుని నేలకేసి కొట్టాను, ఆ కంప్లైంటు కూడా మీకొస్తుంది. కానీ ముందు, అన్నిటికన్నా ముందు, లోపల ఏమనుకున్నానో తెలుసా? హమ్మయ్య అనుకున్నాను. పదహారేళ్ళు ఎదురుచూసిన కోర్టు చేజారిపోతుంటే హమ్మయ్య అనుకున్నాను! థూ, ఏం బతుకండీ ఇది? దీని ముందు ఆ పిల్లదాని భుజం నొప్పి ఎంత?

అభ్యంతరం లేదని రాసెయ్యండి. సంతకం పెడతాను.

ఎడంచెయ్యి బయటే ఉందా? రాకెట్లు భుజాన వేసుకుని తయారై కూర్చుందా? ఆడటం లేదని మీరే చెప్పండి, నావల్ల కాదు.

ఈ గదికి ఇంకో తలుపుందా మేడం?